ఎండలో పనిచేసేవాళ్లకు ఫోన్‌లో పాఠం: చట్రం ఒక్కటే, సన్నివేశాలు వేరు

గల్ఫ్‌లో సైట్ పనికి చేరినవాళ్లకు మొదట్లోనే సేఫ్టీ ఇండక్షన్, అంటే పనిలో దిగేముందు ఇచ్చే భద్రతా పాఠం ఉంటుంది. చాలా కంపెనీల్లో అదిప్పుడు ఫోన్‌లోకి వచ్చేసింది. ఇంగ్లిష్‌లో రాసిన స్లయిడ్లు, కింద హిందీ అక్షరాలు, చివర పది ప్రశ్నలు, ఎనభై శాతం వస్తే సర్టిఫికెట్. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో వచ్చిన కార్పెంటర్ దాన్ని పూర్తి చేశాడని రికార్డులో పడుతుంది. జూన్ ఎండలో పక్కవాడి మాట తడబడుతుంటే ఏం చేయాలో మాత్రం అతనికి తెలియదు.

అలాంటి కోర్సులు తయారుచేసే చోట తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. సేఫ్టీ ఆఫీసర్లు, ట్రైనింగ్ కోఆర్డినేటర్లు, హైదరాబాద్‌లో కూర్చుని దుబాయి కంపెనీలకు కంటెంట్ చేసేవాళ్లు. ఈ రాత వాళ్ల కోసం. ప్రతి కోర్సునూ ఖాళీ స్లయిడ్‌తో మొదలుపెట్టడం వల్ల టైమంతా బొమ్మలకూ బటన్లకూ పోతుంది, అసలు ఆలోచించాల్సిన సన్నివేశానికి మిగలదు. మళ్లీ మళ్లీ వాడుకునే ఒక గట్టి చట్రం (టెంప్లేట్) ఒకసారి కట్టుకుంటే ఆ టైము మిగులుతుంది. దాన్ని సన్నివేశం మీద పెట్టండి.

ముందు ఒక ప్రశ్న తేలాలి: ఈ సమస్య కోర్సుతో తీరేదేనా? శిక్షణ కోర్సుల రూపకర్త కేథీ మూర్ 2008లో ప్రతిపాదించిన యాక్షన్ మ్యాపింగ్ పద్ధతి ఇక్కడే మొదలవుతుంది. జనం ఏ పని చేయడం లేదు, ఎందుకు చేయడం లేదు? నీళ్ల కూలర్ ఐదు అంతస్తుల కింద ఉంటే కూలీ నీళ్లు తాగకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు. కూలర్‌ను పైకి చేర్చాలి. ఆ మాట మేనేజర్‌కు రాతపూర్వకంగా చెప్పాకే కోర్సు మొదలుపెట్టండి. లేదంటే కంపెనీ చేయాల్సిన పని కూలీ నెత్తిన పడుతుంది, మన కోర్సు దానికి సాక్ష్యంగా మిగులుతుంది.

ఇక చట్రం. ఈ-లెర్నింగ్ నిపుణుడు మైకేల్ అలెన్ చెప్పిన నాలుగు భాగాల మోడల్ సైట్ పనికి బాగా సరిపోతుంది: సందర్భం, సవాలు, చర్య, ఫలితం. దీన్ని ఆరు తెరలుగా కట్టుకోవచ్చు. మొదటి తెర మీద సన్నివేశం, ఆడియో 20 సెకన్లకు మించకుండా. రెండోదాని మీద ఒక ప్రశ్న, మూడు దారులు. తర్వాతి మూడు తెరల్లో ఒక్కో దారిలో పోతే ఏం జరుగుతుందో చూపాలి. తప్పు దారి పట్టినవాణ్ని అక్కడి నుంచి మళ్లీ ప్రశ్న దగ్గరికే తేవాలి. ఆరో తెర మీద సూత్రం ఒక్కటే, దాంతోపాటు రేపు సైట్లో చేయాల్సిన ఒక్క పని. మొత్తం మూడు నాలుగు నిమిషాలు. హెచ్5పి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బ్రాంచింగ్ సినారియో అన్న రకం ఉంది, దానితోనే ఇదంతా కట్టేయవచ్చు.

ఎండదెబ్బ మీద ఒక యూనిట్ ఇలా ఉంటుంది.

షార్జా, జూన్ చివరి వారం, ఉదయం 11:40. కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించే షట్టరింగ్ పని. రాజన్న సెలవు అయిపోయి నిన్ననే ఊరి నుంచి తిరిగొచ్చాడు. పొద్దున్నుంచి ప్లైవుడ్ మోస్తున్నాడు. సుత్తి చేతిలోనే ఉంది, దాని కోసమే వెతుకుతున్నాడు. పిలిస్తే పొంతన లేని జవాబు. ఆడియోలో గొంతు అడుగుతుంది: 'బ్రేక్‌కు ఇంకా యాభై నిమిషాలున్నది. ఏం చేస్తవ్?'

ఒకటి: 'అన్నా, జర నీడకు కూసో, నీ పని నేను చూస్కుంట.' రెండు: 'ఓఆర్‌ఎస్ తాపిచ్చి పది నిమిషాలు చూస్త.' మూడు: 'ఫోర్‌మన్‌ను పిలిచి 998కి ఫోన్ చెయ్యమంట.'

మొదటి రెండూ మంచి మనసున్నవాళ్లు చేసే పనులే, అందుకే వాటిని పెట్టాలి. 'పట్టించుకోకుండా పని చేసుకుంట' అన్న దారి పెడితే దాన్ని ఎవరూ ఎంచుకోరు, ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఒకటి నొక్కితే రాజన్న నీడలో ఒంటరిగా కూర్చుంటాడు, ఒళ్లు చల్లబడదు, కాసేపటికి పక్కకు ఒరిగిపోతాడు. రెండు నొక్కితే తెలివి సరిగా లేని మనిషికి నీళ్లు తాగిస్తుంటే పొరబోతుంది, విలువైన పది నిమిషాలూ పోతాయి. మూడు నొక్కితే ఒకరు ఫోన్ చేస్తుంటే ఇంకొకరు అతన్ని నీడకు చేరుస్తారు. పై బట్టలు తీసి, ఒంటి మీద చల్లటి నీళ్లు పోసి, మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐస్ పెట్టి విసురుతారు. అంబులెన్స్ వచ్చేదాకా పక్కనే ఉంటారు. 'తప్పు' అన్న ఎర్రమార్కు ఎక్కడా వేయకండి. జరిగింది చూపిస్తే చాలు.

ఆరో తెర మీద సూత్రం: ఎండలో మాట తడబడినా, మతి తప్పినట్టున్నా అది అత్యవసరం, ముందు ఫోన్.

ఆ సన్నివేశంలో టైము 11:40 అని ఊరికే పెట్టలేదు. గల్ఫ్ దేశాల్లో మధ్యాహ్నం ఎండలో పని నిషేధం ఉంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా 12:30–3:00. సౌదీలో అవే తేదీలు, 12:00–3:00. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా 11:00–4:00. ఖతర్‌లో 2021 ఉత్తర్వు తర్వాత జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా 10:00–3:30. అక్కడ వేడి, తేమ, ఎండ, గాలి కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళయినా పని ఆపాలి. చాలా కోర్సులు ఈ గంటల పట్టిక చెప్పి ఊరుకుంటాయి. దాంతో నిషేధ వేళ కాకపోతే ఎండదెబ్బ తగలదన్న నమ్మకం కూలీలో స్థిరపడుతుంది. ఆ నమ్మకాన్ని కదిలించాలంటే సన్నివేశం నిషేధానికి ముందే జరగాలి.

రాజన్నను సెలవు నుంచి తెప్పించడానికీ కారణముంది. పదేళ్లు ఎండలో చేసిన మనిషికైనా నెలా రెండు నెలల సెలవులో ఒళ్లు ఆ అలవాటు కోల్పోతుంది. పనిచోట భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సలహా ప్రకారం, అనుభవం ఉన్నవాళ్లు మళ్లీ చేరినప్పుడు మొదటి రోజు ఎండలో సగం పని, రెండో రోజు 60 శాతం, మూడో రోజు 80, నాలుగో రోజు పూర్తి పని. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి రోజు 20 శాతంతో మొదలుపెట్టి రోజుకు 20 చొప్పున పెంచాలి. నీళ్లు 15–20 నిమిషాలకోసారి ఒక కప్పు, అంటే 240 మిల్లీలీటర్లు. గంటకు లీటరున్నర దగ్గరికి పోనీయకూడదు, ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. ఇవన్నీ ఒకే యూనిట్‌లో కుక్కకండి. సెలవు నుంచి తిరిగొచ్చినవాడి మొదటి నాలుగు రోజులు ఒక యూనిట్, నీళ్లు ఇంకో యూనిట్. మొదటిది కూలీ కంటే ఫోర్‌మన్‌కు ఎక్కువ అవసరం, ఎవరికి ఎంత పని పెట్టాలో నిర్ణయించేది అతనే.

సన్నివేశాలు ఎక్కడి నుంచి వస్తాయి? సేఫ్టీ మాన్యువల్‌లో దొరకవు. క్యాంపు క్లినిక్‌లో నర్సును, పాత ఫోర్‌మన్‌ను, ఎండదెబ్బ తగిలి కోలుకున్న మనిషిని అడగండి. 'జాగ్రత్తలు ఏమిటి' అని అడిగితే మాన్యువలే తిరిగి వినిపిస్తారు. 'దానికి ముందు గంటలో ఏం జరిగింది, పక్కన ఎవరున్నారు, వాళ్లేం చేశారు' అని అడగండి. తప్పు దారులు రెండూ ఆ జవాబుల్లోనే ఉంటాయి.

చట్రాన్ని నిజంగా మళ్లీ వాడుకోవాలంటే మాటలన్నీ దాని బయట ఉండాలి. ఒక ఎక్సెల్ షీట్: ఒక్కో తెరకూ ఒక్కో దారికీ ఒక వరస, ఒక్కో భాషకూ ఒక నిలువు. దేశాన్ని బట్టి మారే సంగతులు వేరే పట్టికలో: నిషేధ గంటలు, తేదీలు, అంబులెన్స్ నంబరు. యూఏఈ 998, సౌదీ 997, ఖతర్ 999, కువైట్ 112, ఒమన్ 9999. ఇంగ్లిష్ చట్రాల్లో వాక్యం మధ్య ఖాళీ వదిలి అందులో అంకె దూర్చే అలవాటుంది. తెలుగులో అది కుదరదు. విభక్తి పదానికి అంటుకునే ఉంటుంది, పైగా ఆడియోలో అతుకు వినిపిస్తుంది. దేశానికొక పూర్తి వాక్యం రికార్డు చేయించండి, అంతా కలిపి ఐదారు వాక్యాలకు మించవు.

చదువు అంతంతమాత్రమే ఉన్నవాళ్లు కూడా చూస్తారు కాబట్టి ప్రతి దారి పక్కనా బొమ్మ, స్పీకర్ గుర్తు ఉండాలి. తెర మీద మొత్తం మాటలు పెట్టి వాటినే గొంతు కూడా చదివితే రెండింటి మీదా ధ్యాస నిలవదు. మూడు దారుల మాటలూ ఇంచుమించు ఒకే పొడవుండాలి. సరైన జవాబు ఎప్పుడూ పొడుగ్గా ఉంటుందని కూలీలు రెండో యూనిట్‌కే పసిగట్టేస్తారు. గొంతు కరీంనగర్ మనిషిదైతే కరీంనగర్ మాటే మాట్లాడనివ్వండి, వార్తలు చదివే తెలుగు వద్దు.

సాంకేతికంగా చెడేవి కొన్ని ముందే తెలిసినవే. డీటీపీ షాపులో అను ఫాంట్లలో టైపు చేసి పంపిన అనువాదం కోర్సులో పెడితే పిచ్చిగీతలవుతుంది; యూనికోడ్‌లోనే కావాలని ముందే చెప్పాలి. లైన్ల మధ్య ఎడం తక్కువైతే ఒత్తులు తెగిపోతాయి, 1.5 కంటే తగ్గించకండి. బొమ్మ మీద మాటలు అతికిస్తే ప్రతి భాషకూ బొమ్మ మళ్లీ గీయాలి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారు కాబట్టి ఆ వెర్షన్‌కు బాణాలు ఎదురు తిరగాలి. ఆడియో మోనో, 64 కేబీపీఎస్ చాలు, నిమిషానికి 480 కేబీ. అన్ని దారులూ కలిపి నాలుగు నిమిషాల ఆడియో, వంద కేబీ చొప్పున ఎనిమిది బొమ్మలు కలిపినా యూనిట్ మూడు ఎంబీ దాటదు, క్యాంపు వైఫైలో రాత్రిపూట కూడా తెరుచుకుంటుంది.

ఇంకొకటి చాలామందిని తిప్పలు పెడుతుంది. కోర్సును స్కార్మ్ 1.2లో (కోర్సు, కంపెనీ శిక్షణ సర్వర్ మాట్లాడుకునే ఫార్మాట్) ఎగుమతి చేస్తే, నేర్చుకునేవాడు ఎక్కడ ఆగాడో గుర్తుంచుకునే సస్పెండ్ డేటాకు 4096 అక్షరాలే చోటు. పన్నెండు యూనిట్లను ఒకే ప్యాకేజీగా కట్టి, ప్రతి దారినీ గుర్తుంచుకోమంటే ఆ చోటు నిండిపోవచ్చు. మనిషి మర్నాడు తెరిస్తే మళ్లీ మొదటి నుంచే వస్తుంది. అతను విసిగి వదిలేస్తాడు, రిపోర్టులో 'పూర్తి చేయలేదు' అని పడుతుంది. ఒక యూనిట్‌కు ఒక ప్యాకేజీ చేస్తే ఈ తిప్పలుండవు.

లాగిన్‌కు ఈమెయిల్ అడగకండి, ఉద్యోగి నంబరూ నాలుగంకెల పిన్నూ చాలు. గడువు ఒత్తిడి ఫోర్‌మన్ మీద పెడితే అతను పదిమంది ఫోన్లు పోగుచేసి తనే నొక్కేస్తాడు. దానికంటే పొద్దున పని మొదలయ్యేముందు జరిగే చిన్న భద్రతా మీటింగులో (టూల్‌బాక్స్ టాక్) ఒకే టాబ్లెట్ మీద యూనిట్ వేసి, ప్రశ్న దగ్గర ఆపి, అందరి చేత నోటితో చెప్పించడం ఎంతో మేలు. వాదన పెరిగితే ఇంకా మంచిది.

ఈ చట్రం నిర్ణయాలకు సరిపోతుంది. హార్నెస్ (ఎత్తు నుంచి పడకుండా ఆపే బెల్టు) కట్టుకోవడం లాంటి చేతిపనికి సరిపోదు. దానికి బోధనా రూపకల్పన పరిశోధకుడు డేవిడ్ మెరిల్ 2002లో చెప్పిన సూత్రాల వరస నడవాలి: అసలు పని చూపించు, తెలిసినదాన్ని గుర్తుచేయి, చేసి చూపించు, చేయనివ్వు, సైట్లో వాడనివ్వు. అందులో ఫోన్ చేయగలిగింది చూపించడం వరకే, బకిల్ మాత్రం చేతిలో ఉండాలి. ఫోన్ నంబర్లు, గంటల లాంటివాటికి కోర్సే అక్కర్లేదు, జేబులో పట్టే కార్డు చాలు. ఈ మూడు చట్రాలతో సైట్ శిక్షణలో ఎక్కువ భాగం గడిచిపోతుంది. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లకు కూడా నిర్ణయం చట్రం పనికొస్తుంది. బాత్రూమ్ కడిగేటప్పుడు బ్లీచ్‌లో యాసిడ్ క్లీనర్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసి ఉంది, కళ్లు మండుతున్నాయి, మేడమ్ తొందరపెడుతోంది. తెరలు అవే ఆరు, గొంతు కడపది.

ఫలితం కొలవడానికి సర్టిఫికెట్లు లెక్కపెట్టకండి. కోర్సుకు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు, ఎండ ఇంచుమించు ఒకేలా ఉన్నప్పుడు, సేఫ్టీ ఆఫీసర్ ఒకే వేళకు ఒకే అంతస్తు తిరిగి రాసుకోవాలి: ఎంతమంది దగ్గర నీళ్ల సీసా ఉంది, సెలవు నుంచి వచ్చినవాళ్లలో ఎంతమందికి తేలిక పని పెట్టారు, క్లినిక్‌కు ఎంతమంది తమంతట తాము వెళ్లారు. ఈ చివరి అంకె మొదట్లో పెరగవచ్చు, మేనేజర్‌కు ఆ మాట ముందే చెప్పి ఉంచాలి. నేర్చుకున్నది నిలవడానికి మూడో రోజు, పదో రోజు, ముప్పయ్యో రోజు వాట్సాప్‌లో ఒక్కో ప్రశ్న, వాయిస్ మెసేజ్‌గా. సన్నివేశం కొత్తది, సూత్రం పాతదే.

ఏటా మే మొదటి వారంలో దేశాల పట్టిక తీసి ఆయా కార్మిక శాఖల తాజా ప్రకటనలతో సరిచూసుకోండి. అంకె మారితే ఆ దేశపు ఒక్క వాక్యం మళ్లీ రికార్డు చేసి, ఫైలు పేరులో సంవత్సరం మార్చి, పాత ప్యాకేజీని సర్వర్ నుంచి తీసేయండి. రెండూ ఉంటే ఎవరో ఒకరికి పాతదే వెళ్తుంది.