మోకాళ్లు నొప్పెడుతున్నా పరుగెడుతున్నాను, ఎలాగంటే

పరుగెత్తేటప్పుడు నా మోకాలు పెద్దగా నొప్పెట్టదు. మొదటి ఒకటి రెండు కిలోమీటర్లు బిగుసుకుపోయినట్టు ఉంటుంది, ఒళ్లు వేడెక్కాక సర్దుకుంటుంది. అసలు బాధంతా తర్వాతే. గంటసేపు కుర్చీలో కూర్చుని లేవాలన్నా, మెట్లు దిగాలన్నా, కారు వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చోవాలన్నా ప్రాణం మీదకొస్తుంది. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. "అంతంత దూరాలు పరుగెత్తే మనిషివి, మెట్లు దిగలేవా?" అంటారు, కొంచెం నవ్వుతూ కూడా.

మోకాలి చిప్ప దగ్గర వచ్చే నొప్పికి ఇది మామూలు లక్షణమే. మోకాలు మడిచేకొద్దీ చిప్పకీ తొడ ఎముకకీ మధ్య ఒత్తిడి పెరుగుతుంది. మెట్టు దిగేటప్పుడు ఒంటి బరువంతా ఒక్క కాలి మీద పడుతుంది, మోకాలు మడుచుకుంటూ పోతుంది, తొడ ముందు కండరం సాగుతూనే ఆ బరువును ఆపాలి. చదును నేల మీద పరుగు కంటే నాకు ఇదే కష్టం. నొప్పి బాగా ఉన్న రోజుల్లో పొద్దున్నే మెట్లు దిగడం ఒక పెద్ద కార్యక్రమం. రెయిలింగ్ పట్టుకుని, కొంచెం పక్కకు తిరిగి, ముందు బాగాలేని కాలు కిందకు పెట్టి, దాని పక్కకే రెండో కాలు తెచ్చుకుని, మళ్లీ ఒక మెట్టు. ఎక్కేటప్పుడు దీనికి తిరగేసి, బాగున్న కాలు ముందు. లోపల్నుంచి ఇసుక రుబ్బుతున్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విని మొదట్లో భయపడి చచ్చాను కానీ, నొప్పి గానీ వాపు గానీ లేకుండా చప్పుడు ఒక్కటే ఉంటే దానికి అంత కంగారు పడక్కర్లేదట.

ఫుల్ మారథాన్‌కి తయారవుతున్న సీజన్‌లో మొదలైంది ఇదంతా. వారం మైలేజ్ పెరుగుతోంది, ఎత్తుపల్లాల దారులు కూడా అప్పుడే మొదలుపెట్టాం, ముందు కుడి మోకాలు, కుడి కాలిని కాపాడుకుంటూ పరుగెత్తడం వల్లో ఏమో కొన్ని వారాలకి ఎడమది, ఆ తర్వాత చీలమండ, తుంటి, చివరికి చేతివేళ్ల కీళ్లు కూడా సలపడం మొదలుపెట్టాయి. విశ్రాంతి తీసుకుంటే తగ్గేది. తగ్గింది కదా అని మెల్లగా మొదలుపెడితే మళ్లీ అక్కడికే. విశ్రాంతి నొప్పిని తగ్గిస్తుంది కానీ కండరాన్ని కూడా తగ్గిస్తుందని తర్వాత తెలిసింది. పైగా మోకాల్లో కాస్త నీరు చేరినా చాలు, తొడ కండరం పూర్తిగా బిగుసుకోకుండా నరాలే దాన్ని అడ్డుకుంటాయి. బలం తగ్గిన కాలితో పాత మైలేజ్ చేయబోతే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

ఎంఆర్ఐ తీయించాం. చిప్ప కింద ఎముకను కప్పి ఉండే కార్టిలేజ్ మెత్తబడిందని, రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌లో అరుగుదల కనిపిస్తోందని రిపోర్టు. నేను వెళ్లిన మొదటి డాక్టరు ఫిల్మ్‌ను వెలుతురులో రెండు నిమిషాలు చూసి, "గుజ్జు అరిగిపోతోంది, పరుగు మానేసి వాకింగ్ చేసుకోండి" అని పంపించేశారు. ఆ రిపోర్టు చదివాక నొప్పి రెట్టింపయ్యింది, అతిశయోక్తి కాదు. ప్రతి అడుగుకీ లోపల ఏదో అరిగి రాలిపోతున్నట్టు ఊహించుకుంటూ నడిచేవాణ్ని. రెండో డాక్టరు వేరే రకం. రిపోర్టు పక్కన పెట్టి నా కాలు వంచి, తిప్పి, నొక్కి చూశారు. "నొప్పే లేని మనుషుల్ని తీసుకొచ్చి ఎంఆర్ఐ తీసినా, నలభై దాటినవాళ్లలో చాలామందికి ఇలాంటివి కనిపిస్తాయండీ. నేను ఫోటోకి వైద్యం చేయను, మీకు చేస్తాను" అన్నారు.

ఆయన చెప్పిన ఇంకో సంగతి నా బుర్రలో బాగా నాటుకుంది. కార్టిలేజ్‌కి నరాలు ఉండవు, రక్తనాళాలు కూడా ఉండవు. అంటే నొప్పి కార్టిలేజ్ నుంచి నేరుగా రాదు, దాని కింద ఎముక నుంచో, కీలు పొర నుంచో, చిప్ప కింద కొవ్వు నుంచో వస్తుంది. రక్తం అందదు కాబట్టి కార్టిలేజ్‌కి పోషణ కీలులో ఉండే ద్రవం నుంచే రావాలి. బరువు పడినప్పుడు నొక్కుకుని, తీసినప్పుడు ఉబ్బి, స్పాంజిలా ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. కాలు కదలకుండా దాచుకుంటే దానికి పోషణే అందదు. ఎంత బరువు, ఎన్నిసార్లు అన్నదే లెక్క తప్ప, బరువే వేయకపోవడం దానికి మేలు కాదు.

వేళ్ల కీళ్లు కూడా నొప్పి అన్నాను కాబట్టి ఆయన కీళ్లవాతం చూసే రుమటాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఈ భాగం మీలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుని అరగంట, గంట దాటినా వదలకపోతే, రెండు చేతుల్లో చిన్న కీళ్లు వాస్తే, కీలు వేడిగా ఎర్రగా ఉంటే, జ్వరం వస్తే, విశ్రాంతిలో ఉన్నా రాత్రి నొప్పికి మెలకువ వస్తే అది ఎక్కువ పరుగెత్తడం వల్ల అని సర్దిచెప్పుకోకూడదు. అలాగే మోకాలు ఉన్నట్టుండి లాక్ అయిపోయినా, నిలబడితే మడిచేసుకుపోయినా వెంటనే చూపించుకోవాలి. నాకు ఒంట్లో వాపు, కీళ్లవాతం, గౌట్ జాడలు చూసే రక్త పరీక్షలు, ఈఎస్ఆర్, సీఆర్‌పీ, రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, యూరిక్ యాసిడ్ అన్నీ చేశారు. రిజల్ట్స్ వచ్చేదాకా టెన్షన్‌తో నిద్ర లేదు. అన్నీ నార్మల్. ఎవరైనా సంతోషిస్తారు కదా, నాకు మాత్రం లోపల కొంచెం నిరాశ. జబ్బుకి ఒక పేరుంటే దానికి ఒక మందు ఉంటుంది, పేరు లేని నొప్పిని ఏం చేసుకోను?

ఫిజియో దగ్గరికి వెళ్తే ఆవిడ మోకాలు ముట్టుకోనే లేదు. అద్దం ముందు ఒక చిన్న మెట్టు పెట్టి, ఒంటికాలి మీద నిలబడి రెండో మడమ మెల్లగా నేలకు తాకించమన్నారు. నేను తాకించాను. "ఇప్పుడు అద్దంలో చూస్తూ మళ్లీ చేయండి" అన్నారు. మోకాలు పాదం మీదుగా ముందుకు పోవాల్సింది, బొటనవేలి కంటే లోపలికి ఒరిగిపోతోంది, అవతలి పక్క నడుము కిందకు జారుతోంది, కాలు వణుకుతోంది. మారథాన్లు పరుగెత్తే కాలు అర అడుగు మెట్టు దిగలేక వణకడం చూసి సిగ్గేసింది. "మోకాలు అల్లరి చేస్తోంది కానీ తప్పు దానిది కాదండీ, తుంటి పక్క కండరం, తొడ కండరం చేయాల్సిన పని కూడా దాని మీదే పడుతోంది" అన్నారు.

మొదట ఇచ్చినవి కదలిక లేనివి. గోడకు వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు కిందకు జారి, నొప్పి ఎక్కువ కాని ఎత్తులో ఆగి 45 సెకన్లు. అలా 5 సార్లు, మధ్యలో విశ్రాంతి. ముప్పయ్యో సెకనుకల్లా తొడలు మంటెక్కిపోతాయి, ఆఖరి పది సెకన్లు గడియారం ఆగిపోయిందా అనిపిస్తుంది. తర్వాత వెల్లకిలా పడుకుని ఒంటికాలి మీద నడుము పైకెత్తే బ్రిడ్జిలు, మెట్టు దిగే వ్యాయామం, పిక్కలకు మడమలెత్తడం, ఆ పైన బరువులతో స్క్వాట్లు. బోర్ కొట్టే పని, ఒప్పుకుంటాను. పరుగులో దారి మారుతుంది, గాలి మారుతుంది, ఇక్కడ అదే గోడ. తేడా తెలియడానికి నెలలు పట్టింది, రోజులు కాదు.

ఆవిడ పెట్టిన రూలు మాత్రం ఇప్పటికీ పాటిస్తున్నాను. నొప్పికి 0 నుంచి 10 వరకు మార్కులు. 3 లోపు ఉంటే కొనసాగించొచ్చు, 4, 5 అయితే కనిపెట్టుకుని ఉండాలి, అది దాటితే ఆపేయాలి. వీటన్నిటికంటే ముఖ్యం మర్నాడు పొద్దున ఎలా ఉందన్నది. పరుగుకి ముందు ఉన్నట్టే ఉంటే ఆ దూరం నా కాలికి పట్టింది, పెరిగితే పట్టలేదు, తర్వాతి పరుగు తగ్గించుకోవాలి. నొప్పి సున్నా అయ్యాకే పరుగెత్తుతానని కూర్చుంటే నేను ఇంకా కూర్చునే ఉండేవాణ్ని. నొప్పి ఉంది అంటే లోపల ఏదో పాడవుతోందని అర్థం కాదని, నరాలు ఎక్కువ కాలం నొప్పి పంపి పంపి చిన్న ఒత్తిడికి కూడా గోల పెట్టడం నేర్చుకుంటాయని అర్థం చేసుకోవడానికి నాకు చాలా టైమ్ పట్టింది. నిద్ర సరిగ్గా లేని రోజు, ఆఫీసులో నలిగిపోయిన రోజు అదే దూరానికి రెండు మార్కులు ఎక్కువ నొప్పి. మోకాలు మాత్రం అదే మోకాలు.

పరుగులో మార్చింది ఒక్కటే, అడుగు. అదే వేగానికి అడుగులు చిన్నవి చేసి నిమిషానికి కొన్ని ఎక్కువ వేయడం. నిమిషానికి వేసే అడుగులు 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద భారం బాగా తగ్గుతుందని 2011లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. చెవిలో తాళం వేసే మెట్రోనోమ్ టిక్ టిక్ మంటుంటే మొదటి వారం కోడిపిల్లలా పరుగెడుతున్నానని మావాళ్లు ఏడిపించారు. షూ మార్చమని, బ్రాండ్లు చెప్పినవాళ్లు బోలెడుమంది. నాకు అడుగు మార్చడంలో వచ్చిన తేడా షూలో రాలేదు.

బాగా నొప్పిగా ఉన్న వారాల్లో లోతు నీళ్లలో బెల్టు కట్టుకుని పరుగు. కాలు నేలకు తాకదు, ఊపిరి మాత్రం రోడ్డు మీదలాగే అందదు. సైకిల్ కూడా మంచిదే, కాకపోతే సీటు కిందకు ఉంటే మోకాలు ఎక్కువ మడిచి చిప్ప నొప్పి ఇంకా పెరుగుతుంది. పెడల్ కింద ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండేలా సీటు ఎత్తించుకున్నాక సుఖపడ్డాను.

సలహాల గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. రేసు స్టార్టింగ్ లైన్ దగ్గర పెయిన్ కిల్లర్ వేసుకునేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి రక్తం అందించే ఏర్పాటునే దెబ్బతీస్తాయి, గంటల తరబడి చెమటోడుస్తూ ఒంట్లో నీళ్లు తగ్గిన మనిషికి అది మరీ ప్రమాదం, కడుపులో రక్తస్రావం భయం వేరే. గ్లూకోసమైన్ వేసుకోమన్నారు కొందరు. 2006లో అమెరికాలో చేసిన పెద్ద ట్రయల్‌లో మొత్తం మీద చూస్తే అది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు. ఇంకొకాయన "చిన్న హోల్ పెట్టి లోపల క్లీన్ చేస్తారు, చేయించేసుకో" అన్నారు. ఆర్థరైటిస్ మోకాళ్లకు అలా కడిగి శుభ్రం చేసినవాళ్లకీ, చర్మం మీద కోతలు మాత్రమే పెట్టి కుట్టేసినవాళ్లకీ ఫలితంలో తేడా లేదని 2002లోనే తేలింది. అరుగుదల మోకాళ్లకు ఈ చిన్న హోల్ ఆపరేషన్, అంటే ఆర్థ్రోస్కోపీ, వద్దని 2017లో గట్టిగానే మార్గదర్శకాలు వచ్చాయి. గాయం వల్ల మెనిస్కస్ చిరిగి మోకాలు లాక్ అయిన కుర్రాడి సంగతి వేరు, నాది అది కాదు.

ఇక "పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయి" అన్నది ప్రతి పెళ్లిలో, ప్రతి ఫోన్ కాల్‌లో వినే మాట. 2017లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో తుంటి, మోకాళ్ల ఆర్థరైటిస్ సరదాగా పరుగెత్తేవాళ్లలో 3.5 శాతం, కదలకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం ఉంది. ఇది చెప్పి చాలామంది నోరు మూయించాను. కానీ అందులోనే పోటీ స్థాయిలో పరుగెత్తేవాళ్లకు 13.3 శాతం అని కూడా ఉంది, ఆ ముక్క పైకి చెప్పను. నేను ఏ గుంపులోకి వస్తానో అన్నది ఒక్కణ్నే ఉన్నప్పుడు ఆలోచించుకుంటాను.

మా గ్రూపు వాళ్లు ఆదివారం లాంగ్ రన్ ఫోటోలు పెడితే ఇప్పటికీ కడుపు మండుతుంది, దాచుకోవడం దేనికి. కొన్నాళ్లు ఆ గ్రూపు మ్యూట్‌లో పెట్టాను. తర్వాత వాళ్లతోనే వెళ్లడం మొదలుపెట్టాను, సగం దూరంలో వెనక్కి తిరిగిపోతానని ముందే చెప్పి. మొదట బతిమాలేవాళ్లు, "ఇంకో రెండు కిలోమీటర్లే కదా అన్నా" అని. ఇప్పుడు వాళ్లే నా మలుపు రాగానే చెయ్యి ఊపి వెళ్లిపోతున్నారు.

ఫుల్ మారథాన్లు పక్కన పెట్టి 21.1 కిలోమీటర్ల హాఫ్‌లు చేస్తున్నాను. దిగుడు వస్తే రేసయినా సరే నడుస్తాను, పక్కనుంచి ఎంతమంది దాటిపోయినా. వారానికి రెండు రోజులు బరువుల పని, అది పరుగు కోసం మానను. నొప్పి పూర్తిగా పోలేదు, ఇప్పటికీ అప్పుడప్పుడు ఒకటి రెండు వారాలు తిరగబెడుతుంది. అప్పుడు దూరం సగం చేసి, గోడ దగ్గరికి పోయి 45 సెకన్లు లెక్కపెట్టుకుంటాను. ఫుల్ మళ్లీ చేస్తావా అని ఫిజియోని కలిసినప్పుడల్లా ఆవిడే నన్ను అడుగుతున్నారు, ఎడమ కాలు కూడా కుడి కాలెత్తినంత బరువెత్తాక మాట్లాడదామండీ అన్నాను. ప్రస్తుతానికి ఇంకా ఐదు కిలోల తేడా ఉంది.