వేజలీను పూసిన గాజు పలకలు

పసిఫిక్ సముద్రం మీద జాడ లేకుండా పోయిన పాన్ అమెరికన్ కంపెనీ విమానం హవాయి క్లిప్పర్ గురించి ఎవరు చెప్పినా డబ్బు దగ్గరే మొదలుపెడతారు. అందులో న్యూజెర్సీలో హోటలు నడిపే చైనా ఆసామి ఒకాయన ఉన్నాడనీ, జపానుతో యుద్ధంలో ఉన్న తన దేశానికి ముప్పై లక్షల డాలర్లు పట్టుకెళ్తున్నాడనీ, అందుకే జపాను వాళ్ళు విమానాన్ని ఎత్తుకుపోయారనీ. నాకా కథ మీద గురి లేదు. నా ధ్యాసంతా అందులో ఎక్కిన ఇంకో మనిషి మీద.

జరిగింది 1938 జూలై 28న. గ్వామ్ నుంచి మనీలాకి, సుమారు 1,600 మైళ్ళు, కింద అంతా సముద్రమే. పడవలాంటి పొట్టతో నీళ్ళ మీదే లేచి నీళ్ళ మీదే వాలే విమానం అది. మార్టిన్ కంపెనీ ఆ రకం మూడంటే మూడే కట్టింది. సిబ్బంది తొమ్మిది మంది, ప్రయాణికులు ఆరుగురు, కెప్టెన్ లియో టెర్లెట్‌స్కీ. ఫిలిప్పీన్స్ తీరం ఇంకా 565 మైళ్ళుందనగా రేడియోలో మాట్లాడారు. మబ్బులు, కుదుపులు అన్నారు. ఒడ్డునున్న ఆపరేటరు ఏదో చెప్పబోతే, వానకి రేడియో గరగరలాడుతోంది, ఒక్క నిమిషం ఆగమన్నారు. ఆగాడు. మళ్ళీ పిలిస్తే పలకలేదు.

అంతే. మెగ్స్ అనే సైన్యం ఓడ వెళ్ళి వెతికితే చమురు తెట్టు కనిపించింది గానీ అది ఈ విమానానిదని తేలలేదు. ఆ ఏడాది జనవరిలోనే అదే పాన్ అమెరికన్ వాళ్ళ ఇంకో విమానం సమోవన్ క్లిప్పర్, సమోవా దీవుల్లోని పాగో పాగో దగ్గర పేలిపోయింది. దానికి కనీసం శకలాలు దొరికాయి. దీనికి రేకు ముక్క కూడా లేదు.

నేను చెప్పాలనుకున్న మనిషి ఫ్రెడ్ మియర్. అమెరికా వ్యవసాయ శాఖలో మొక్కల తెగుళ్ళ శాస్త్రవేత్త. తెగులు తెచ్చే శిలీంధ్రాల, అంటే బూజు జాతి వాటి, బీజాలు గాలిలో ఎంత ఎత్తున, ఎంత దూరం పోతాయన్నది ఆయన పట్టు. 1933లో పేరుమోసిన పైలట్ లిండ్‌బర్గ్ గ్రీన్‌లాండ్ మంచు మీదుగా ఎగురుతూ జిడ్డు పూసిన గాజు స్లైడుల మీద గాలిని పట్టి తెస్తే, వాటిని చూసింది ఈయనే. శిలీంధ్ర బీజాలు అక్కడా ఉన్నాయి! ఇప్పుడు పసిఫిక్ గాలి సంగతి చూద్దామని బయల్దేరాడు. తోడుగా మెకిన్లీ అనే సూక్ష్మజీవుల డాక్టరు.

ఆ స్లైడులు నాకు తెలుసు. పాతికేళ్ళ కిందట అగ్గితెగులు మీద పనిచేసేటప్పుడు, సాంబమసూరి మడి గట్టున తెల్లవారుజామునే అవి పెట్టేదాన్ని. వేజలీను కొద్దిగా వెచ్చజేసి, వేలికొసతో పలుచగా పూయాలి. మందమైతే మైక్రోస్కోపు కింద అంతా మసకే. కుదిరిన రోజున మాత్రం, దుమ్ము మధ్యలో బేరీపండు ఆకారంలో మూడు గదుల బీజం ఒకటి కనబడేది. ఎవరి పొలం నుంచి వచ్చిందో, ఎవరి పొలానికి పోతోందో!

ఓసారి గట్టు మీద కాలు జారి స్లైడుల పెట్టె పంటకాలువలో పడేసుకున్నాను. పన్నెండు రోజుల పని. మోకాలి లోతు నీళ్ళే, చేత్తో తడిమితే పెట్టె దొరికింది. పలకలు ఒక్కటీ పగల్లేదు, కానీ లోపలికి బురద పోయి ఏ రోజు గాలి ఏదో తెలీలేదు. మా గైడుగారు తిడతారని భయపడుతూ చూపించాను. ఆయన ఒక పలక వెలుతురుకి ఎత్తి పట్టుకుని కాసేపు చూసి, "కడిగి ఆరబెట్టమ్మా, రేపటికి పనికొస్తాయి" అన్నారు.