తాగితే రక్తం పలచబడుతుందా?

మద్యం రక్తాన్ని పలచన చేస్తుందని, అది గుండెకు మంచిదని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకం ప్రమాదకరం. మద్యం చేసేది రక్తం గడ్డకట్టే పద్ధతిని చెడగొట్టడం, అదీ ఒక్కో దశలో ఒక్కో రకంగా.

తాగిన కొన్ని గంటలపాటు, గడ్డ కట్టించే రక్తకణాలైన ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి సరిగ్గా అతుక్కోవు. బాగా తాగినప్పుడు మరోపక్క పీఏఐ-1 అనే ప్రోటీన్ పెరిగి, కట్టిన గడ్డలను కరగనివ్వదు. కట్టడమూ కుంటుపడి, కరగడమూ కుంటుపడితే ఇక గుండెకు రక్షణ ఎక్కడిది?

ఏళ్లతరబడి ఎక్కువగా తాగేవాళ్లలో ఎముక మజ్జ దెబ్బతింటుంది. మైక్రోలీటరుకు 1.5 నుంచి 4.5 లక్షలు ఉండాల్సిన ప్లేట్‌లెట్లు లక్ష లోపుకు జారొచ్చు. తాగుడు ఆపితే సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో కోలుకుంటాయి, కొందరిలో కొన్నాళ్లు అవసరానికి మించి పెరుగుతాయి కూడా. ఆపినా పెరగకపోతే ప్లీహం ఉబ్బిందేమో, లివర్ గట్టిపడిందేమో చూడాలి. (రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే ఆపాలి.)

రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్లు అనే ప్రోటీన్లలో ఎక్కువ భాగం లివర్‌లోనే తయారవుతాయి. వాటిలో 7వ ఫ్యాక్టర్ ఆయుష్షు కొద్ది గంటలే కాబట్టి రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే పీటీ పరీక్షలో తేడా త్వరగా కనిపిస్తుంది. ఈ ఫ్యాక్టర్లలో కొన్నిటి తయారీకి కావాల్సిన విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చాక ఒక రోజులో పీటీ సరైతే విటమిన్ లోపమని, కాకపోతే లివరే దెబ్బతిన్నదని అనుమానించాలి. సిర్రోసిస్‌లో, అంటే లివర్ గట్టిపడే జబ్బులో, గడ్డలను అడ్డుకునే ప్రోటీన్ సి, ఎస్ కూడా తగ్గిపోతాయి. అందుకే ఐఎన్‌ఆర్ (పీటీని బట్టి లెక్కగట్టే అంకె, పెరిగితే గడ్డకట్టడం ఆలస్యమవుతోందని అర్థం) ఎక్కువగా ఉన్న మనిషికి కూడా పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిరలో గడ్డ కట్టొచ్చు. రిపోర్టులో అంకె పెరిగింది కదా, గడ్డలు కట్టవులే అనుకోకూడదు.

గడ్డలు కట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మాత్ర వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒక్కసారిగా ఎక్కువ తాగితే ఆ మాత్ర శరీరంలో నెమ్మదిగా విరుగుతుంది, ఐఎన్‌ఆర్ పైకెక్కుతుంది. రోజూ తాగే అలవాటుంటే లివర్ దాన్ని త్వరగా విరిచేస్తుంది, ఐఎన్‌ఆర్ పడిపోతుంది. చాలామందికి 2 నుంచి 3 మధ్య ఉండాల్సిన అంకె ఇలా ఊగిసలాడితే ఏ మోతాదూ కుదరదు. తాగిన రోజు ఒళ్లునొప్పులకు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకుంటే కడుపులో రక్తస్రావం కావచ్చు. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆపరేషన్‌కు ముందు ఎంత తాగుతారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

తాగి పడిపోయి తలకు దెబ్బ తగిలించుకున్న మనిషి మగతగా ఉంటే మైకమే అనుకుని పడుకోబెట్టవద్దు. ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్లలో పుర్రె లోపల రక్తం చేరుతూ ఉండొచ్చు, సీటీ స్కాన్ తీయిస్తేనే తేలుతుంది.