‘జడుసుకున్నాడండీ’

పిల్లల మానసిక చికిత్స చేసే నా దగ్గరకు వచ్చే తల్లులు ‘ట్రామా’ (భయంకర అనుభవం మనసుకు చేసిన గాయం) అనరు, ‘ఆ రోజు నుంచీ జడుసుకున్నాడండీ’ అంటారు. అప్పటికే దిష్టి తీసి, మెడలో తాయెత్తు కట్టి ఉంటారు. దానిని తీసివేయమని నేను ఎన్నడూ చెప్పలేదు. నీ భయం మా కంటపడింది అని ఇంటి పెద్దలు పిల్లవాడికి తెలియజేసిన మొదటి గుర్తు అది. చిక్కంతా ఆ వెంటనే వచ్చే మాటతోనే: ‘ఆ సంగతి వాడి ముందు ఎత్తకండి, వాడే మరిచిపోతాడు.’

తొమ్మిదేళ్ళ బాలుడొకడు వచ్చాడు. (ఎవరినీ గుర్తించే వీలు లేకుండా, పలువురు పిల్లల వివరాలను కలిపి, మార్చి రాస్తున్నాను.) రోడ్డు ప్రమాదంలో తండ్రి పోయి ఐదు నెలలైంది. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తాడు, లారీ హారన్ వినబడితే చెవులు మూసుకుంటాడు, బడికి వెళ్ళే వేళకు కడుపునొప్పి అంటాడు. బడివారి ఫిర్యాదు మాత్రం ‘పాఠం వినడు’ అన్నదొక్కటే. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఇటువంటి పిల్లల విషయంలో తల్లిని మాత్రమే అడిగి, ‘ఏకాగ్రత లోపం’ అని రాసి పంపిన కాగితాలు నా చేతిరాతలోనే ఉన్నాయి.

ఇప్పుడు తల్లిని విడిగా, పిల్లవాడిని విడిగా అడుగుతాను. కోపం, మొండితనం, తగ్గిన మార్కులు తల్లికి కనబడతాయి. కళ్ళు మూసుకోగానే ముందు నిలిచే దృశ్యం పిల్లవాడికి మాత్రమే తెలుసు. చైల్డ్ అండ్ అడాలసెంట్ ట్రామా స్క్రీన్ వంటి ప్రశ్నావళులలో ఏమేమి జరిగిందో, దాని తరువాత ఏమేమి మారిందో వరుసగా అడిగే వీలు ఉంది, కానీ వాటిని మాటకు మాట తెలుగు చేసి చదివితే పని జరగదు. ‘మనసు మొద్దుబారినట్టు ఉంటుందా?’ అని అడిగితే ఒక పాప తన కాలికి తిమ్మిరెక్కిన సంగతి చెప్పింది. అందుచేత ‘ఇష్టమైన ఆట ఆడుతున్నా ఏమీ అనిపించడం లేదా?’ అని అడుగుతున్నాను. ప్రశ్నావళిలో ఎక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన రోగ నిర్ధారణ జరిగినట్టు కాదు. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ గ్రంథం డీఎస్ఎమ్-5 (2013) ప్రకారం, ట్రామా తరువాత వచ్చే ఒత్తిడి రుగ్మత (పీటీఎస్‌డీ) అనాలంటే లక్షణాలు నెల రోజులకు మించి ఉండాలి. ఆరేళ్ళు, అంతకు లోపు పిల్లలకు అందులో వేరే ప్రమాణాలు ఉన్నాయి, ఎందుకంటే వాళ్ళు జరిగినదాన్ని మాటల్లో చెప్పకుండా బొమ్మలతో పదే పదే ఆడి చూపుతారు. చాలామంది పిల్లలు ఇంటివాళ్ళ అండతో మొదటి వారాల్లోనే కుదుటపడతారు కాబట్టి, ప్రమాదం జరిగిన మర్నాడే పిల్లవాడిని కూర్చోబెట్టి అంతా చెప్పించాలని చూడడం నాకు సమ్మతం కాదు.

ఇంకొక సంగతి ఉంది. అడుగుతున్నప్పుడు లైంగిక వేధింపు బయటపడితే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం దానిని పోలీసులకు తెలియజేయవలసిందే. అందువల్ల ‘ఎవరికీ చెప్పను’ అని నేను ఏ పిల్లకూ మాట ఇవ్వను, ఆ హద్దును మొదటి రోజే చెబుతాను.

నేను అనుసరించేది జుడిత్ కోహెన్, ఆంథనీ మన్నారినో, ఎస్తర్ డెబ్లింగర్ రూపొందించిన, ట్రామాకు ప్రత్యేకించిన సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) పద్ధతి. మూడేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు పిల్లలకు సాధారణంగా వారానికొకసారి చొప్పున 12 నుంచి 16 సార్లు జరుగుతుంది, తల్లికో సంరక్షకులకో సమాంతరంగా సాగుతుంది. ఇది మహానగరాల నిపుణులకే సాధ్యమనుకునేవారికి నేను జాంబియా రాజధాని లుసాకాను గుర్తు చేస్తుంటాను: అక్కడ 257 మంది పిల్లలతో జరిగి 2015లో ప్రచురితమైన పరిశోధనలో ఈ చికిత్స చేసినవారు వైద్యులు కారు, శిక్షణ, పర్యవేక్షణ పొందిన మామూలు కౌన్సెలర్లు, అయినా అక్కడి సాధారణ సేవలు పొందినవారి కంటే ఆ పిల్లలకు ఎంతో మేలు జరిగింది.

ఆ తొమ్మిదేళ్ళ బాలుడితో మొదటి వారాలు శ్వాస నెమ్మదించుకోవడానికి, భయానికి సున్నా నుంచి పది వరకు అంకె వేయడానికి గడిచాయి. ఆ తరువాతే నోటుపుస్తకం తెరిచాము. మొదటి పేజీలో తన పేరు, తన క్రికెట్ బ్యాటు. ఆ రాత్రి సంగతి చాలా పేజీల తరువాత, అదీ వారానికి కొంత. ఆరో వారం ఒక వాక్యం రాశాడు: ‘నేను రంగు పెన్సిళ్ళు అడిగాను కాబట్టే నాన్న బయటికి వెళ్ళాడు.’ ఇన్ని నెలలుగా ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తకపోవడాన్ని, తప్పు తనదేనని అందరికీ తెలుసు అన్నట్టుగా వాడు అర్థం చేసుకున్నాడు.

‘నీ తప్పేమీ లేదు’ అని నేను అనేసి ఉంటే తల ఊపి ఊరుకునేవాడు. పది చింతపిక్కలు ఇచ్చి, తప్పు ఎవరిది ఎంతో పంచమన్నాను. ఎనిమిది తన ముందు పెట్టుకుని, రెండు లారీ వైపు జరిపాడు. లారీకి వెనక లైటు ఉందా, మలుపు దగ్గర వీధి దీపం వెలిగిందా, ఇంతకు ముందు పెన్సిళ్ళు అడిగిన రోజుల్లో ఏమైంది, ఇదే నీ స్నేహితుడికి జరిగి ఉంటే వాడికి ఎన్ని పిక్కలు ఇస్తావు అని ఒక్కొక్కటిగా అడుగుతూ పోయాను. రెండు వారాలకు తన ముందు ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా తీసెయ్యమని నేను ఒత్తిడి చేయలేదు. ఆ పుస్తకాన్ని ముందుగా తల్లికి విడిగా చదివి వినిపించి, ఆమె తన ఏడుపు తాను ఏడ్చి నిబ్బరించుకున్నాకే వాడి చేత చదివించాను. విని ఆమె ఆ ఒక్క పిక్కనూ తీసి తన కొంగున ముడివేసుకుంది.

రోడ్డు సంగతి మెట్టుమెట్టుగా సాగింది: ముందు గుమ్మంలో నిలబడి లారీలను లెక్కపెట్టడం, తరువాత అమ్మ చెయ్యి పట్టుకుని అవతలి కిరాణా కొట్టు దాకా వెళ్ళడం. మన రోడ్ల మీద కొంత భయం ఉండడమే తెలివి కాబట్టి అంకె సున్నాకు రావాలని నేను కోరలేదు, మూడు దగ్గర ఆగితే చాలనుకున్నాను. ఇప్పుడు రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. సోమవారం పొద్దుటి కడుపునొప్పి మాత్రం ఇంకా వస్తూనే ఉందని తల్లి చెబితే టైమ్‌టేబుల్ తెప్పించి చూశాను. ఆ రోజు మొదటి పీరియడ్ లెక్కలు.