కాంపోకి మూడు ఎపిసోడ్లు

'లాస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్' అనే బీబీసీ కామెడీ షో పేరు వినగానే నాకు ముందు గుర్తొచ్చేది కాంపో చావే. ఉన్ని టోపీ, రబ్బరు బూట్లు, పొరుగింటి నోరా బ్యాటీ మీద ఎన్నేళ్లకీ తీరని మోజు, ఆమె చీపురెత్తితే పరుగో పరుగు. ఆ పాత్ర వేసిన బిల్ ఓవెన్ 1999 జులైలో చనిపోయారు. ఊరు వదిలి వెళ్లిపోయాడని ఒక్క ముక్క అనిపించేసి కథ నడిపించొచ్చు, కానీ రచయిత రాయ్ క్లార్క్ అలా చేయలేదు. 2000లో వచ్చిన సిరీస్‌లో కాంపో చనిపోయాడు, ఆ చావుకీ అంత్యక్రియలకీ కలిపి మూడు ఎపిసోడ్లు ఇచ్చారు.

చావు కూడా ఎలాగంటే, నోరా ఎప్పటి ముడతల మేజోళ్లు కాకుండా నల్ల మేజోళ్లలో కనిపించిందన్న సంతోషం తట్టుకోలేక! నవ్వొచ్చింది, వెంటనే గొంతు పట్టేసింది. ఆ మనిషిని అంతకాలం ప్రేమగా రాసినవాళ్లకే అలాంటి చావు తోస్తుంది. తర్వాత బిల్ ఓవెన్ సొంత కొడుకు టామ్ ఓవెన్, కాంపో కొడుకుగా వచ్చారు. ఆ పాత్ర నాకు తండ్రి పాత్రంత దగ్గరవలేదు గానీ, ఆయన్ని తెరమీద చూసినప్పుడల్లా ఇది ఒట్టి నటన అనుకోలేకపోయేదాన్ని.

అందరికీ ఇంత దక్కలేదు. 1997లో కాంపో స్నేహితుడు ఫాగీ పాత్రని బ్లాక్‌పూల్‌లో పెళ్లి చేసుకున్నాడని పంపేశారు, నాకది ఇప్పటికీ లోటే. నోరా ఆస్ట్రేలియా వెళ్లిపోయిందన్నారు, ఆ పాత్ర వేసిన క్యాథీ స్టాఫ్ 2008 డిసెంబరులో కన్నుమూశారు.

నన్ను బాగా కదిలించింది చివరి రెండు సిరీస్‌లు. కాంపో స్నేహితుడు క్లెగ్‌గా వేసిన పీటర్ శాలిస్, ఫాగీ స్థానంలో వచ్చిన ట్రూలీగా వేసిన ఫ్రాంక్ థార్న్‌టన్ అప్పటికి ఎనభై దాటేశారు. బయట షూటింగ్‌కి వాళ్లకి ఇన్సూరెన్స్ చేయించాలంటే మోయలేనంత ఖర్చు కాబట్టి ఇద్దరినీ ఇంట్లో సీన్లకే ఉంచి, కొండల్లో తిరగడానికి వేరేవాళ్లని పెట్టారు. యార్క్‌షైర్ కొండల మీద ఏళ్ల తరబడి తిరిగిన మనుషులు గదిలో కూర్చుని మాట్లాడుకుంటుంటే మొదట్లో నాకు కోపమొచ్చింది, వీళ్లని ఇలా కూర్చోబెట్టే బదులు ఆపేయొచ్చు కదా అని. రెండోసారి చూసినప్పుడు ఆ కోపం పోయింది, ఎందుకంటే నడవలేకపోయినా వాళ్లింకా కథలో ఉన్నారు, మాటలూ వాళ్లవే.

1973లో మొదలైన షో 2010 ఆగస్టు 29న 295వ ఎపిసోడ్‌తో అయిపోయింది. ఈ అన్నిట్లోనూ కనిపించిన ఒకే ఒక్కరు శాలిస్, చివరి మాట కూడా ఆయనదే. వీడ్కోలు ప్రసంగం లేదు, కన్నీళ్లు లేవు. తలుపు తాళం వేశానా అని అడిగాడు క్లెగ్, అంతే.

శాలిస్ 2017లో పోయారు. షో చిత్రీకరించిన హోల్మ్‌ఫర్త్ ఊరి పక్కన అప్పర్‌థాంగ్ చర్చి ఆవరణలో బిల్ ఓవెన్ సమాధి పక్కనే ఆయన్నీ ఉంచారు.