పాత ట్రక్కుకి ఎలక్ట్రిక్ చోక్ వైరింగ్: నా అనుభవం

మిషిగన్‌లో చలి మొదలయ్యే ముందే పూర్తిచేయాలని అక్టోబరులో నా 1972 షెవర్లే సీ10 ట్రక్కుకి కార్బొరేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించే భాగం) మార్చాను. 350 వీ8 ఇంజిన్, పాయింట్ల ఇగ్నిషన్ (తెరుచుకుంటూ మూసుకుంటూ ఇగ్నిషన్ కరెంటుని ఆపి వదిలే చిన్న కాంటాక్టులే పాయింట్లు). చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవడానికి కార్బొరేటర్‌లోకి వెళ్లే గాలిని తగ్గించేదే చోక్. పాత చోక్‌కి కరెంటుతో పనిలేదు. దాని స్ప్రింగు మానిఫోల్డ్ (కార్బొరేటర్ కింద ఉండి ఇంజిన్‌లోకి గాలి, పెట్రోలు తీసుకెళ్లే భాగం) మీద గుంటలో కూర్చుని ఇంజిన్ వేడికే పనిచేసేది. మానిఫోల్డ్‌తో సహా అది తీసేసి ఎడెల్‌బ్రాక్ 1406 కార్బొరేటర్ బిగించాను. దీని చోక్ ఎలక్ట్రిక్. నల్లటి మూతలో చుట్ట స్ప్రింగు, దాన్ని వేడిచేసే చిన్న హీటరు ఉంటాయి. వేడెక్కేకొద్దీ స్ప్రింగు సడలి, గాలికి అడ్డంగా ఉన్న రేకు తెరుచుకుంటుంది.

మూతకి రెండు పిన్నులు. ఒకటి ఎర్త్, రెండోది ప్లస్. ప్లస్ ఎక్కడినుంచి తీసుకోవాలన్నదే ప్రశ్న. తాళం ఆన్ చేస్తే కరెంటు రావాలి, ఆపితే పోవాలి. కార్బొరేటర్ పక్కనే ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుల్లో నిప్పురవ్వకి కావాల్సిన ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది) ఉంది. దాని ప్లస్ మీద మల్టీమీటరు పెడితే 12.3 వోల్టులు చూపించింది. కాయిల్ దగ్గర కలపొద్దని కార్బొరేటర్‌తో వచ్చిన కాగితంలో ఉంది. అది చదివి కూడా, కళ్ల ముందు పన్నెండు కనబడుతోంది కదా అని అక్కడే కలిపేశాను.

రెండు వారాలు నరకం చూశాను. చోక్ తెరుచుకోవడానికి పది నిమిషాలు దాటేది. అప్పటిదాకా నల్లపొగ, గ్యారేజీ నిండా పెట్రోలు వాసన. ఎక్కువ రేజ్ చేస్తే మిస్ఫైర్. ప్లగ్గులు విప్పితే ఒక్కొక్కటీ కాటుక డబ్బాలో ముంచి తీసినట్టు ఉంది. కొత్త కార్బొరేటర్ పాడైందేమోనని ఒకటే టెన్షన్.

మా బాబాయ్ విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు లారీలకు వైరింగ్ చేశాడు. వీడియో కాల్‌లో అంతా చూపించాను.

"బల్బు పెట్టి చూశావా?"

"లేదు బాబాయ్, మీటర్లో పన్నెండు చూపిస్తోంది కదా."

"చూపిస్తుంది రా. పని చెప్తే ఎంత ఇస్తుందో చూడు."

ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టాను. చోక్ వైరు ఊడదీసి, తాళం ఆన్ చేసి, కాయిల్ ప్లస్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టాను. పసుపచ్చగా, నీరసంగా వెలిగింది. అదే బల్బు నేరుగా బ్యాటరీకి పెడితే తెల్లగా వెలిగింది. బల్బు వెలుగుతుండగా కాయిల్ దగ్గర మళ్లీ మీటరు పెట్టాను. తొమ్మిదిన్నర వోల్టులు!

విషయం ఏమిటంటే, పాయింట్లు తొందరగా కాలిపోకుండా ఈ బండ్లలో కాయిల్‌కి రెసిస్టెన్స్ వైరు (కరెంటుని తగ్గించే వైరు) గుండా కరెంటు ఇస్తారు. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం స్టార్టర్ దగ్గర్నుంచి వేరే వైరులో పూర్తి వోల్టేజీ వెళుతుంది. నేను మొదట కొలిచినప్పుడు పాయింట్లు తెరుచుకుని ఉన్నాయి. ఆ వైరులో కరెంటు పారడం లేదు కాబట్టి వోల్టేజీ ఎక్కడా తగ్గలేదు. మీటరు అబద్ధం చెప్పలేదు, నేను అడగాల్సినట్టు అడగలేదు. చోక్ కలిపాక దానికి వోల్టేజీ చాలలేదు. పైగా కాయిల్‌కి వెళ్లాల్సిన కరెంటును కూడా అది లాగేసింది. అందుకే మిస్ఫైర్.

ఈసారి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చి) పెట్టాను. బ్యాటరీ ప్లస్ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా రిలే 30 పిన్నుకి, 87 నుంచి చోక్ ప్లస్‌కి. 85 బాడీ ఎర్త్‌కి. 86కి ఫ్యూజ్ బాక్సులో తాళం ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే ఖాళీ పిన్ను నుంచి వైరు తీశాను. ఆ పిన్నుని కూడా బల్బుతోనే వెతికాను. చోక్ ఎర్త్ వైరుని కార్బొరేటర్ స్క్రూకే బిగించి వదిలేయకుండా ఇంజిన్ బ్లాకు దాకా లాగాను, ముందు రంగు గీకి, తళతళలాడే ఇనుము కనబడ్డాకే.

తర్వాత సెట్టింగు. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీదే చేయాలి. ఆక్సిలరేటర్ ఒక్కసారి పూర్తిగా తొక్కి వదిలితే రేకు మూసుకోవాలి. మూత మీది మూడు స్క్రూలు వదులు చేసి, రేకు మెత్తగా మూసుకునే చోటు దాకా మూత తిప్పి బిగించాను. గట్టిగా నొక్కుకుని మూసుకుంటే ఎక్కువైనట్టు. ఇంజిన్ స్టార్ట్ చేసి గడియారం పట్టుకుని నిలబడ్డాను. నాలుగు నిమిషాల్లో రేకు నిలువుగా లేచింది. ఆ రేకు కదలడం చూస్తుంటే కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. బాబాయ్‌కి వీడియో పంపాను.

ఇంకో పని మిగిలింది. ఇంజిన్ తిరగకపోయినా తాళం ఆన్‌లో ఉంటే చాలు, చోక్ వేడెక్కి తెరుచుకుంటోంది. మొన్న హెడ్‌లైట్లు చూస్తూ తాళం అలాగే వదిలేస్తే, తర్వాత చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయడానికి చాలా అవస్థ పడ్డాను. ఆయిల్ ప్రెషర్ వస్తేనే ఆన్ అయ్యే స్విచ్చి ఒకటి తెప్పించాను. శనివారం దాన్ని రిలే 86 వైరు మధ్యలో పెడతాను.