వెయ్యి పున్నముల లెక్క

ఆదివారం, రాత్రి

ఇవాళ పెద్దనాన్నకి సహస్ర చంద్ర దర్శన శాంతి. ఎనభై దాటాకే ఎందుకో నిన్న పడుకునే ముందు లెక్క వేశాను. ఏడాదికి పన్నెండు పున్నములు, రెండున్నర మూడేళ్ళకోసారి అధికమాసం పుణ్యమా అని ఇంకోటి. వెయ్యి నిండాలంటే 81 ఏళ్ళకు కాస్త అటూ ఇటూ. మబ్బు పట్టి చూడలేకపోయిన శ్రావణ పున్నములు కూడా ఖాతాలో పడ్డట్టే!

ఆయుష్య హోమం సాగుతూనే ఉంది. ఎనిమిదయ్యేసరికి పెద్దనాన్న పీటల మీంచే పెద్దమ్మకి సైగ చేశారు. బ్రహ్మగారు మంత్రం ఆపలేదు, ఈవిడ కొంగు ముడి విప్పి బీపీ మాత్ర తీసి చేతిలో పెట్టింది.

భోజనాల దగ్గర మేనత్త అందుకుంది. "కృతయుగంలో నాలుగొందలేళ్ళు బతికార్రా! ఇప్పటి తిండికి నూరేళ్ళెక్కడ?" మనుస్మృతి లెక్కా అదే, యుగానికో వంద కోత. చర్చి నుంచి నేరుగా వచ్చిన పక్కింటి ఆంటీ "మా బైబిల్లోనూ అంతే వదినగారూ" అన్నారు. మెతూషెల 969, నోవహు 950, జలప్రళయం దాటాక షేము 600, అబ్రాహాము 175, మోషే 120. తొంభయ్యో కీర్తనకొచ్చేసరికి డెబ్బై, బలముంటే ఎనభై. అది మోషే ప్రార్థనేనట. తాను 120 బతికి మనల్ని ఎనభైతో సరిపెట్టుకోమన్నాడు!

చరకుడైతే కారణం కూడా చెప్పాడు. కృతయుగం చివర్లో కలిగినవాళ్ళు అతిగా తిని ఒళ్ళు పెంచారు. దాంతో అలసట, బద్ధకం, కూడబెట్టే బుద్ధి, లోభం. యుగం మారేకొద్దీ ధర్మం ఒక్కో పాదం పోయింది, ఆయుష్షూ దాంతోపాటే తరిగింది. రెండో బొబ్బట్టు మీద నెయ్యి వేయించుకుంటూ ఇది తలచుకోకూడదు.

అయినా నాకు మింగుడుపడనిది ఒకటుంది. నాయనమ్మ కన్న ఏడుగురిలో ఇద్దరు అమ్మవారు పోసి పసితనంలోనే పోయారు. వాళ్ళేం అధర్మం చేశారని? స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దగ్గరుండేది, ఇప్పుడు డెబ్బై. మశూచి చివరి కేసు మన దేశంలో 1975లో. పోయినవాళ్ళని వదిలేసి, మిగిలినవాళ్ళని చూసి "ఆ కాలం మనుషులు గట్టివాళ్ళు" అనుకుంటున్నాం. అదే అత్తతో అన్నాను.

"మరి ఆ మిగిలినవాళ్ళకి మాత్రలెవరిచ్చార్రా?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. పెద్దనాన్న మాత్రం చేయి కడుక్కోడానికి లేవబోతూ, "శతమానం సంగతి తర్వాత, ముందు ఎవరైనా చెయ్యివ్వండి, మోకాళ్ళు పట్టేశాయి" అన్నారు.